స్వగృహదోషము

పరుల యింటిలోని యన్యాయమును ఖండించుటకు ధైర్యము కావలెను. తన యింటిలోని యన్యాయమును ఖండించుటకు కావలసిన ధైర్యము వేరు. మొదటిది గలవానియందు రెండవదియు నుండి తీరునని మనము సామాన్యముగ నమ్ముదుము; ఆ నమ్మికతోనే పెద్దలకు సంస్థల నప్పగింతుము, సంస్థలకు బిడ్డల నప్పగింతుము. ఆ నమ్మిక యెంతవరకు సరియైనదో విచారించుటకై, దేశాంతరీయుడగు నొక మతాధిపతి చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాను. ఆయనను దూషించుట నా యుద్దేశము కాదు. ఆయన దుర్మార్గుడే యైనచో ఈ వ్యాసముతో పని యుండెడిది కాదు.

బెర్నార్డు ఫ్రాన్సిస్ లా 1931వ సంవత్సరము నవంబరు 4వ తేదీన మెక్సికో దేశమందలి టొర్రెయోన్ నగరమున, అమెరికా దేశస్థుడగు నొక వైమానికునకు కుమారుడై జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివి 1953లో పట్టము పొందెను. 1961లో కథోలిక మతగురువై అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమునకు వెళ్లెను. నల్లజాతివారికి వోటుహక్కు కాగితముమీద తప్ప లేని రాష్ట్రమది. ఆ హక్కులకై పోరాడిన మెడ్గర్ ఎవర్స్ అను నాయకుని 1963 జూనులో ఆయన యింటి ముంగిటనే కాల్చి చంపిరి. ఆ కాలమున బెర్నార్డు లా అక్కడి కథోలిక పత్రికకు సంపాదకుడై, వర్ణద్వేషము పాపమని తెల్లవారి ముఖముననే వ్రాసెను. చంపుదుమని బెదరింపులు వచ్చినను కలము దింపలేదు. 1973లో మిస్సోరీ రాష్ట్రమున బిషప్పయ్యెను. 1975లో వియత్నామునుండి పారిపోయివచ్చిన యొక సన్న్యాసిసంఘమువారికి నిలువనీడ లేనపుడు, తన ప్రాంతమందలి కార్తేజి పట్టణమున చోటిచ్చి నిలిపెను. ఇవి నటనలు కావు. దిక్కులేనివారి పక్షమున నిలుచుట యేమో ఆయనకు చక్కగ తెలియును.

1984లో ఆయన బోస్టను నగరమునకు ఆర్చిబిషప్పుగ వచ్చెను. మరుసటి యేట కార్డినలయ్యెను. కార్డినలులనగా పోపునకు మంత్రులవంటివారు. క్రొత్త పోపును ఎన్నుకొను నధికారము వారిది. బోస్టను పీఠము క్రింద సుమారు 20 లక్షల కథోలికు లుండిరి. దేశాధ్యక్షులు ఆయన మాటను మన్నించిరి. కథోలిక ధర్మమంతటిని సంగ్రహించు నొక ప్రశ్నోత్తరగ్రంథము కావలెనని 1985లో రోము సభయందు కోరినవారిలో నాయన యొకడు. 1992లో ఆ గ్రంథము సిద్ధమయ్యెను.

ఇక రెండవ పుట. జాన్ గేగన్ అను గురువు పెక్కేండ్లుగ బాలురను చెరచుచుండెను. ఈ సంగతి బెర్నార్డు లా రాకకు పూర్వమే పీఠమువారికి తెలియును. ఒక గృహిణి తన బంధువర్గములోని బాలురకు జరిగిన దారుణమును గూర్చి 1982లో పూర్వపు కార్డినలునకు మొరపెట్టుకొనెను. 1984లో క్రొత్త ఆర్చిబిషప్పునకు మరల వ్రాసెను. ఆ యేడే గేగనును ఒక గుడినుండి తీసి, వెస్టన్ అను గ్రామమందలి వేరొక గుడికి మార్చిరి. అక్కడ బాలుర సంఘములు ఆయన చేతనే యుంచబడెను. ఆ డిసెంబరులో జాన్ డార్సీ యను సహాయక బిషప్పు, ఈ నియామకము తగదని తన పైయధికారికి లిఖితముగ హెచ్చరించెను. ఆ యుత్తరము దస్త్రములలో నుండెను. ఆ గురువు వెస్టన్‌లో నుండెను. 1989లో మరల ఫిర్యాదులు రాగా కొన్ని నెలలు చికిత్సకు పంపి, తిరిగి ఆ గుడికే తెచ్చిరి. ఆయన పదవి విరమించినపుడు కార్డినలు వ్రాసిన జాబులో ఆయన సేవను మెచ్చుకొనుటయు, రోగము దానిని చెరచినదని చింతించుటయు నున్నవి. ఆ దయ కపటము కాదు. అది యెవరిమీద ప్రసరించెనో, యెవరిమీద ప్రసరింపలేదో, అదియే విచార్యము.

న్యాయముగ నాయన పక్షమును గూడ చెప్పవలెను. అట్టి గురువులు కుదుటపడిరని, తిరిగి పనిలో పెట్టవచ్చునని వైద్యులు యోగ్యతాపత్రము లిచ్చిరి. ఈ మార్పిడుల పద్ధతి ఆయన కల్పించినది కాదు; ఇతర బిషప్పులును దానినే యనుసరించిరి. గురువులు ఇట్టి నేరములను ప్రభుత్వమునకు తెలుపవలెనను నిబంధన 2002వరకు ఆ రాష్ట్రపు శాసనములో లేదు. ఇవన్నియు నిజములే. కాని మిసిసిపీలో వర్ణభేదమునకును శాసనము తోడుండెను. అక్కడి పెద్దలును ఒకరి వెంట నొకరు ఆ పద్ధతినే యనుసరించుచుండిరి. శాసనము చాలదనియు, ఆచారము ప్రమాణము కాదనియు అక్కడ చూడగలిగిన కన్నులకు బోస్టనులో నేల మసక గ్రమ్మెను?

దీనికి నాకు తోచు సమాధానమిది. మిసిసిపీలో నేరస్థులు పరులు, బోస్టనులో తనవారు. అక్కడ సత్యము చెప్పినచో తన ప్రాణమునకే ముప్పు. ఇక్కడ సత్యము చెప్పినచో తాను ప్రాణముకన్న మిన్నగ ప్రేమించిన సంస్థకు ముప్పు. తన ప్రాణము నొడ్డగలవాడు తన సంస్థ పరువు నొడ్డలేకపోయెను. స్వార్థము నెరిగి దానితో పోరాడువారు గలరు. స్వార్థమే భక్తివేషము దాల్చి వచ్చినపుడు దాని గుర్తింపగలవారు అరుదు.

మన భారతమున ధృతరాష్ట్రు డిట్టివాడు. ఆయనకు ధర్మము తెలియదా? విదురుడు రాత్రులు కూర్చుండి బోధించెను. అంతయు విని, సత్యమేనని యొప్పుకొని, నిట్టూర్చి, తెల్లవారగనే కొడుకు చెప్పినట్లు చేసెను. కన్నులు లేకుండుట ఆయన దోషము కాదు. తన కొడుకువలన నొచ్చినవారి యేడుపు చెవులబడియు కదలకుండుట దోషము. డార్సీ వ్రాసిన జాబు విదురనీతియే. వినువాడును ధృతరాష్ట్రుని మార్గముననే నడచెను.

లోకాపవాదభయమను మాటను ఇచ్చట కొంచెము తరచి చూడవలెను. ఈ విషయములను గుప్తముగ నుంచిన మతాధికారులు, అపవాదము పుట్టి సామాన్యుల విశ్వాసము చెడకుండుటకే యట్లు చేసితిమని తలచిరి. కాని అపవాదమునకు ఆంగ్లేయులు వాడు స్కాండలను మాట గ్రీకుభాషనుండి వచ్చినది. దాని మూలార్థము ఉచ్చు, కాలికి తగిలి పడద్రోయు నడ్డు. తెలుగు బైబిలులో దానిని అభ్యంతరమని వ్రాసిరి. చిన్నవారిని అభ్యంతరపరచువానిని గూర్చి క్రీస్తు పలికిన వాక్యముకన్న కఠినమైనది సువార్తలలో అరుదు. ఆ యర్థమున చూచినచో అపవాదము బాలునకు కీడు జరిగిన దినముననే జరిగినది. అది పత్రికలో పడిన దినమున కాదు. నేరమునకు పెట్టవలసిన పేరును, నేరము బయల్పడుటకు పెట్టిరి. పేరు మారగనే ధర్మమును మారెను: ఆపవలసిన దానిని సాగనిచ్చి, చెప్పవలసిన దానిని ఆపిరి.

దూరదేశపు పెద్దలమీద తీర్పు చెప్పుట సులభము గనుక, నా మాట యొకటి చెప్పుకొనుట న్యాయము. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నేనున్న పాఠశాలలో ఒక యుపాధ్యాయుడు పదేండ్ల బాలుని చెంపపై కొట్టగా, వానికి ఒక చెవి వినికిడి పోయెను. బాలుడు మెట్లమీదనుండి పడెనని తండ్రికి చెప్పవలెనని ఉపాధ్యాయుల సభలో తీర్మానించిరి. పాఠశాల పేరు చెడినచో నూరుగురు బీదపిల్లల చదువు చెడునని పెద్దలు కారణము చెప్పిరి. ఆ కారణము నాకు సబబుగనే తోచెను. నేను మౌనముగ కూర్చుంటిని. స్త్రీపునర్వివాహమును గూర్చియు, అస్పృశ్యతను గూర్చియు సభలలో గొంతెత్తి మాటలాడిన వాడనే. ఆ బాలుని తండ్రి, మెట్లవద్దనుండి తన కుమారుని మోసికొని వచ్చితిమని తలచి మాకు చేతులెత్తి నమస్కరించి పోయెను. ఇరువదియేండ్లు దాటినను ఆ నమస్కారము నన్ను విడువలేదు.

బోస్టనులో సత్యము లోపలివారివలన రాలేదు. అచ్చటి గ్లోబ్ అను పత్రిక న్యాయస్థానమునకెక్కి దస్త్రములను బహిరంగము చేయించి, 2002 జనవరి 6వ తేదీన తన పరిశోధనను ప్రకటించెను. గేగన్ చేత బాధితులమైతిమని చెప్పుకొన్నవారే 130 మందికి మించిరి. ఆ యేడు డిసెంబరులో ఆ పీఠమునకు చెందిన 58 మంది గురువులే కార్డినలు దిగిపోవలెనని చేవ్రాలు చేసిరి. 13వ తేదీన రోములో ఆయన రాజీనామా అంగీకరింపబడెను. 2003లో రాష్ట్రపు అటార్నీ జనరలు ప్రకటించిన నివేదిక ప్రకారము అరువదియేండ్లలో 250 మంది గురువులమీదను ఇతర సేవకులమీదను, కనీసము 789 మంది బాధితుల తరఫున ఆరోపణలు వచ్చినవి. ఆనాటి శాసనముల క్రింద పై యధికారులను శిక్షించుటకు వీలు లేదని ఆ నివేదికయే తేల్చెను. ఆ యేడే పీఠమువారు 552 మందికి 8 కోట్ల 50 లక్షల డాలర్ల పరిహార మొప్పుకొనిరి. పేరు కాపాడుటకై చేసిన దంతయు పేరునే కాల్చివేసెను. ఇట్లు కాల్పకపోయినను అది తప్పే యగునని మరువరాదు.

2004లో ఆయనకు రోములోని సాంతా మరియా మజ్జోరె అను ప్రాచీన మహాదేవాలయపు పెత్తనము లభించెను. 2011వరకు అచ్చటనే యుండెను. 2005లో క్రొత్త పోపును ఎన్నుకొన్న సభలోను కూర్చుండెను. 2017 డిసెంబరు 20వ తేదీన మరణించెను. అంత్యక్రియలు సెయింట్ పీటరు దేవాలయమున జరిగెను. కడపటి ప్రార్థనను పోపు ఫ్రాన్సిసే జరిపెను. మృతునికై ప్రార్థించుట ధర్మమే. దానిని నేను తప్పుపట్టను. కాని బోస్టనులోని బాధితులకు ఆ గౌరవములు పుండుమీద కారమైనవి.

అట్లయిన మిసిసిపీలో చేసిన పుణ్యము బోస్టనుతో కొట్టుకొనిపోయెనా? లేక ఆ పుణ్యము ఈ పాపమును కొంత తీర్చునా? నాకు ఈ త్రాసుమీదనే విశ్వాసము లేదు. ఒకరికి చేసిన మేలు మరియొకరికి చేసిన కీడునకు చెల్లుబడి కాదు. ఆ మేలు మేలుగనే యుండును. ఈ కీడు కీడుగనే యుండును. మనము నేర్వదగినది వేరు. మొదటి ధైర్యమును చూచి రెండవదానిని ఊహింపరాదు. ఎంతటి సజ్జనుడైనను తనవారి విషయమున తానే న్యాయాధిపతి కాగూడదు. అమెరికాలోని బిషప్పులు 2002లో డల్లాసున చేసికొన్న కట్టుబాట్లును, పోపు ఫ్రాన్సిసు 2019లో బిషప్పులను సైతము విచారణకు లోబరచి చేసిన శాసనమును ఈ యనుభవమునుండి పుట్టినవే. మనదేశమున 2012లో వచ్చిన పోక్సో చట్టము, బాలలపై లైంగికనేరము జరిగెనని తెలిసిన ప్రతివాడును దానిని అధికారులకు తెలుపవలెనని విధించుచున్నది. తన క్రిందివాని నేరమును దాచిన సంస్థాధిపతికి శిక్షయు గలదు. మనుష్యునకు రెండవ ధైర్యము లేనిచోట నిలబెట్టిన ఊతకఱ్ఱ యిది.

చట్టము గడపవరకే వచ్చును. గడపలోపల మనమే యున్నాము. ఏ గృహమునందైనను ఒక బిడ్డ వచ్చి, బంధువును గూర్చియో, గురువును గూర్చియో, ఇంటికి ఆప్తుడైన పెద్దమనిషిని గూర్చియో, చెప్పరాని మాట చెప్పినపుడు మన నోట మొదట వచ్చు ప్రశ్న యేది? "ఇది ఎవరితోనైన చెప్పితివా?" అని యడిగినచో, మన మందరమును చిన్నచిన్న కార్డినలులమే. "నీకేమి జరిగినది, నాయనా?" అని యడిగిన యిల్లాలు ఆ మహాపీఠము చేయలేని పనిని చేసినదగును.