వీధిలో కూర్చున్న ఇద్దరు

ధ్యాన భాగము: న్యాయాధిపతులు 19:10–21; హెబ్రీయులకు 13:1–3



న్యాయాధిపతులు 19వ అధ్యాయం మీద మీరు ప్రసంగం విని ఎన్నాళ్ళయింది? చాలామంది అసలు విని ఉండరు. ఆ అధ్యాయం చివర జరిగిన ఘోరాన్ని పిల్లల ముందు చదవడానికి మనసొప్పదు. అందుకే సండే స్కూల్లో సమ్సోను కథ అయిపోగానే నేరుగా రూతు దగ్గరికి వెళ్ళిపోతాం. అయితే ఆ ఘోరానికి ముందు కొన్ని వచనాల్లో ఒక ప్రయాణం ఉంది. ఈ నెల ఆ ప్రయాణం దగ్గరే కాస్త ఆగుదాం.

ఒక లేవీయుడు, అతని ఉపపత్ని, ఒక పనివాడు, రెండు గాడిదలు. బేత్లెహేములో మామగారు బ్రతిమాలి బ్రతిమాలి ఆపడంతో ఆలస్యంగా బయలుదేరారు. ఎఫ్రాయిము మన్యము చేరాలి. దారి అంతా కొండలే. సుమారు 9 కిలోమీటర్లు వచ్చి యెబూసు, అంటే యెరూషలేము, దగ్గరికి చేరేసరికి పొద్దు వాలిపోతోంది. రాత్రికి ఈ ఊళ్ళో ఉండిపోదామని పనివాడు అన్నాడు. లేవీయుడు ఒప్పుకోలేదు. ఎందుకు? అది అన్యుల ఊరు, ఇశ్రాయేలీయుల ఊరు కాదు. ఇంకొంచెం నడిస్తే మనవాళ్ళ ఊరు వస్తుందని అతని లెక్క.

మనవాళ్ళ ఊరు వచ్చింది. పేరు గిబియా. సూర్యుడు అస్తమించాడు. ఇద్దరూ వీధిలో కూర్చున్నారు. ఎవ్వరూ లోపలికి పిలవలేదు.

వాళ్ళు బిచ్చమడగడం లేదని గమనించండి. 19వ వచనంలో లేవీయుడే చెబుతాడు: గాడిదలకు గడ్డి ఉంది, మాకు రొట్టె ఉంది, ద్రాక్షారసం ఉంది, ఏదీ తక్కువ లేదని. వాళ్ళకు కావలసింది ఒక కప్పు, ఒక తలుపు. చివరికి పొలం పని ముగించుకొని వస్తున్న ఒక ముసలివాడు వాళ్ళను చూశాడు. ఆయన ఆ ఊరివాడు కాడు. ఎఫ్రాయిము మన్యమునుండి వచ్చి గిబియాలో కాపురముంటున్న పరదేశి అని 16వ వచనం చెబుతుంది. ఊరంతటిలో తలుపు తీసినవాడు ఆ వలస వచ్చినవాడొక్కడే.

పరాయి దేశంలో తెలుగు సంఘంగా కూడుకునే మనకు ఆ వచనంలో మన విలాసం రాసినట్టే ఉంటుంది.

ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఇంకో జంట గుర్తుకొస్తారు. ఇద్దరూ అమెరికన్లు, 29 ఏళ్ళవాళ్ళు. వాషింగ్టన్‌లో ఉద్యోగాలు మానేసి 2017లో సైకిళ్ళ మీద బయలుదేరారు. దక్షిణాఫ్రికాలో మొదలుపెట్టి, ఐరోపా దాటి, మరుసటి సంవత్సరం ఎండాకాలానికి మధ్య ఆసియా చేరారు. దారిలో తమకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేసిన మేలులను అతను రాసిపెట్టుకుంటూ వచ్చాడు. కజకిస్తాన్‌లో ఒకాయన బండి ఆపి, పలకరించి, చేతిలో ఐస్‌క్రీం పెట్టి వెళ్ళిపోయాడు. అంతే. ఆ మనిషి పేరు కూడా వాళ్ళకు తెలియదు.

తర్వాత పామీరు పర్వతాలు. తజికిస్తాన్ దేశంలో సగానికి పైగా నేల సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైనే ఉంటుంది. మనం కొండ ప్రాంతం అని మురిసిపోయే అరకులోయ 1,000 మీటర్లు కూడా ఉండదు. పామీరు మీదుగా పోయే ఎం-41 రోడ్డులో అన్నిటికంటే ఎత్తైన కనుమ అక్-బైతాల్, 4,655 మీటర్లు. అక్కడ ఊపిరి పీలిస్తే ఇక్కడ దొరికే గాలిలో సగానికి కొంచెం పైన దొరుకుతుంది. చాలా చోట్ల తారు ఉండదు, అలలు అలలుగా గట్టిపడిన కంకర. ఎదురుగాలి కొడితే దిగి సైకిలు నెట్టుకుంటూ పోవాలి. కారులో పోయేవాడికి తలుపులున్నాయి, అద్దాలున్నాయి. సైకిలు మీద పోయేవాడికి అవేమీ లేవు. చలి, దుమ్ము, కుక్కలు, మనుషులు, అన్నీ నేరుగా వచ్చి తగులుతాయి. అందుకే ఆ దారిన పోయినవాళ్ళ జ్ఞాపకాల్లో కొండల కంటే మనుషులే ఎక్కువ ఉంటారు.

ఆ మనుషులు ఎలాంటివాళ్ళు? పశ్చిమ పామీరులో ఎక్కువమంది ఇస్మాయిలీ ముస్లిములు. వారి పాతకాలపు ఇంట్లో ఐదు స్తంభాలుంటాయి, పైకప్పు మధ్యలోంచి వెలుతురు పడుతుంది. వచ్చినవాడెవడైనా ముందు టీ, రొట్టె. ఆ టీలో పాలు, ఉప్పు, వెన్న వేసి అందులో రొట్టె తుంచుకొని తింటారు. మన నోటికి మొదట వింతగానే ఉంటుంది, కానీ ఆ చలిలో అది ప్రాణం నిలిపే తిండి. రొట్టెను ఎన్నడూ బోర్లించి పెట్టరు, దాని మీద వారికి అంత గౌరవం. తూర్పు వైపు ఎత్తు పెరిగేకొద్దీ చెట్టు అనేది కనబడదు. పొయ్యిలోకి పిడకలు కావాలి, లేదా నేలను అంటిపెట్టుకొని పెరిగే తెరెస్కెన్ అనే పొదను వేళ్ళతో సహా తవ్వి తేవాలి. అంటే అపరిచితుడికి ఒక గిన్నెడు టీ కాచి ఇస్తే, చలికాలానికి దాచుకున్న నిప్పులో కొంత వానికి ఇచ్చేసినట్టే.

సారెపతు విధవరాలిని తలచుకోండి. ఏలీయా ఆమెను చూసినప్పుడు ఆమె పుల్లలు ఏరుకుంటోంది. పిండి, నూనె సంగతి మనం బాగా చెబుతాం. పుల్లల సంగతి ఎవరూ చెప్పరు. ఆమె కూడా సీదోను స్త్రీ, ఇశ్రాయేలీయురాలు కాదు. ఆ మాటను నజరేతు సమాజమందిరంలో ప్రభువు గుర్తుచేసినప్పుడు అక్కడివాళ్ళకు ఎంత కోపమొచ్చిందంటే, ఆయనను కొండ అంచు దాకా తీసుకెళ్ళారు.

ఇంకొక సంగతి. తజికిస్తాన్ పేద దేశం. లక్షలాది మంది మగవాళ్ళు రష్యాకు పోయి కట్టడం పనుల్లో, కూలి పనుల్లో బ్రతుకుతారు. వాళ్ళు పంపే డబ్బు మీదే ఇళ్ళు గడుస్తాయి. ఇది మనకు కొత్త కథ కాదు. కరీంనగర్, నిజామాబాదు, కడప, కోనసీమ ఇళ్ళలోని తల్లులను అడిగితే గల్ఫ్ గురించి చెబుతారు. దారిన పోయే పరదేశికి రొట్టె పెడుతున్న ఆ పామీరు తల్లికి, ఆ పూట తన కొడుకు మాస్కోలో ఏ గదిలో, ఎంతమందితో పడుకున్నాడో తెలియదు. నా కొడుకుకు అక్కడ ఎవరో ఒకరు పెట్టకపోతారా అనే ఆశ ఆ రొట్టెలో లేదంటారా? ఐగుప్తులో మీరు పరదేశులుగా ఉన్నారు గనుక పరదేశి మనసు మీకు తెలుసునని నిర్గమకాండము 23:9లో దేవుడు తన ప్రజలకు చెప్పిన కారణం సరిగ్గా ఇదే.

ఇక కథలో కష్టమైన భాగం. 2018 జూలై 29న ఆ జంట మరి ఐదుగురు సైకిలు యాత్రికులతో కలిసి, పర్వతాలు దిగి, రాజధాని దుషాంబే వైపు వస్తున్నారు. దంఘరా ప్రాంతంలో ఒక కారు కావాలనే వారి మీదికి వచ్చింది. గుద్దింది. కారులోని వాళ్ళు దిగి కత్తులతో పొడిచారు. ఆ జంటతో పాటు స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ దేశస్థులు ఒక్కొక్కరు, మొత్తం నలుగురు చనిపోయారు. ఐసిస్ ఉగ్రవాదులు అది తమ పనేనని ప్రకటించుకున్నారు.

వార్త వచ్చాక కొందరు ఆ చనిపోయినవాళ్ళను ఎగతాళి చేశారు. లోకం మంచిదని నమ్మారు, ఫలితం చూశారా అని. ఎగతాళి చేయకపోయినా, ఆ ప్రశ్న మన లోపల కూడా లేకపోలేదు. అందుకే ఈ కథను ఐస్‌క్రీం దగ్గర ఆపేసి మీకు చెప్పడం నాకు ఇష్టం లేదు. గిబియాలో కూడా తలుపు తెరుచుకున్నంత మాత్రాన కథ సుఖంగా ముగియలేదు. ఊరి దుర్మార్గులు ఆ ఇంటిని చుట్టుముట్టారు. ఆ స్త్రీ తెల్లవారేసరికి గడప మీద చేతులు చాపి పడి ఉంది. అంతకుముందు ఆమెను పిలిచిన అదే ముసలివాడు, అతిథియైన పురుషుని కాపాడే పేరుతో ఇంట్లోని స్త్రీలను బయటకు తోయడానికి సిద్ధపడ్డాడు. దీన్ని ఏ వ్యాఖ్యానంతోనూ సమర్థించలేం. అతిథి మర్యాద అని పేరు పెట్టి దాని వెలను స్త్రీ చేత కట్టించడం ఆతిథ్యం కాదు. (ఈ మాట మన ఇళ్ళకు కూడా కొంచెం తగులుతుంది. భర్త చర్చిలో నలుగురిని భోజనానికి పిలిచేస్తాడు, రెండు షిఫ్టులు చేసి వచ్చిన భార్య వంటింట్లో నిలబడుతుంది. అబ్రాహాము అయితే తానే మందకు పరుగెత్తి దూడను తెచ్చాడు, వడ్డించి చెట్టు క్రింద తానే నిలబడ్డాడు. ఆదికాండము 18 మళ్ళీ చదవండి, అయ్యలారా.)

మరి లోకం ఇంత ప్రమాదకరమైతే తలుపు ఎందుకు తీయాలి? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13:2 దగ్గరికి రండి. అపరిచితులకు ఆతిథ్యమివ్వడం మరువవద్దని, అలా చేసినవారిలో కొందరు తెలియకుండానే దేవదూతలకు ఆతిథ్యమిచ్చారని అక్కడ ఉంది. దేవదూతల మాట మనకు బాగా నచ్చుతుంది. కానీ ఆ ఉత్తరం ఎవరికి వచ్చిందో చూడండి. 10వ అధ్యాయం ప్రకారం వాళ్ళు బహిరంగంగా అవమానాలు పడ్డవాళ్ళు, ఆస్తులు దోచుకోబడినవాళ్ళు. 13:2 తర్వాతి వచనంలోనే చెరలో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకోమని ఉంది. ఇల్లు ఒకసారి దోపిడీ అయినవాడికి మళ్ళీ తలుపు తెరవమని చెబుతున్నాడు రచయిత! లోకం సురక్షితంగా ఉంది గనుక తెరవండి అనలేదు. ఆతిథ్యానికి అక్కడ వాడిన గ్రీకు మాట ఫిలోక్సెనియా, అంటే అపరిచితుని మీద ప్రేమ. మొదటి వచనంలో ఫిలడెల్ఫియా, సహోదర ప్రేమ. ఈ రెండు మాటలూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి. మన సంఘాల్లో మొదటిది ఉందని బోర్డు మీద కూడా రాసుకుంటాం. ఫిలడెల్ఫియా పేరుతో ఎన్ని ప్రార్థనా మందిరాలున్నాయో! ఫిలోక్సెనియా పేరుతో ఒక్కటీ నేను చూడలేదు.

తెలివి వదిలేయమని నేను అనడం లేదు. పన్నెండుమంది అపొస్తలుల బోధ, డిడాకే అనే అతి పురాతన క్రైస్తవ గ్రంథంలో దీనికి ఎంతో ఆచరణాత్మకమైన సూచనలున్నాయి. దారిన వచ్చిన సహోదరుణ్ణి చేర్చుకోండి, రెండు మూడు రోజులు ఉంచండి, అక్కడే స్థిరపడాలనుకుంటే పని చూసుకోమనండి, ప్రవక్తనని చెప్పుకుంటూ డబ్బు అడిగితే వాడు అబద్ధ ప్రవక్త. మోసపోయిన అనుభవం ఆనాటివాళ్ళకూ ఉందని దీన్ని బట్టే తెలుస్తోంది. అయినా తలుపు మూసేయమని రాయలేదు, ఎన్ని రోజులో లెక్క రాశారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న సహోదరి రాత్రిపూట తెలియనివాణ్ణి లోపలికి రానివ్వనక్కరలేదు. రెండు కుటుంబాలు కలిసి భోజనం పెట్టవచ్చు, పడకకు సంఘ పెద్దలకు ఫోన్ చేయవచ్చు. ఇది సంఘం పని, ఒక్కరి సాహసం కాదు.

మనవాళ్ళ విషయం కూడా చెప్పుకోవాలి. పల్లెల్లో పాత ఇళ్ళకు వీధి అరుగులుండేవి, బాటసారి కూర్చుంటే మజ్జిగ ఇచ్చేవారు అని మనం పిల్లలకు గర్వంగా చెబుతాం. నిజమే. కానీ ఆ అరుగు అందరిదీ కాదు. ఈ పత్రిక చదువుతున్న చాలామంది తాతలకు ఆ అరుగెక్కే హక్కు లేదు. దాహమంటే పైనుండి దోసిట్లో నీళ్ళు పోశారు. మనల్ని లోపలికి పిలిచి, ఒకే బల్ల దగ్గర, ఒకే రొట్టె, ఒకే పాత్ర ఇచ్చింది క్రీస్తు ఒక్కడే. అలాంటి మనం సముద్రాలు దాటి వచ్చి, సంఘానికి కొత్తగా వచ్చినవాణ్ణి ముందు ఏమడుగుతున్నాం? ఏ ఊరు, ఏ మిషను, ఇంటిపేరేమిటి? ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నామో మనకూ తెలుసు, అతనికీ తెలుసు. యెబూసు వద్దు గిబియాకే పోదామన్న లేవీయుడి లెక్క అక్కడే మొదలవుతుంది.

లూకా 10లో ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినప్పుడు సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు అన్నాడు. మీ ముందు ఏమి పెడితే అది తినండి అన్నాడు. మనమెప్పుడూ పెట్టేవాళ్ళమే అనుకుంటాం, ఆయన మాత్రం తనవాళ్ళను తినేవాళ్ళుగా పంపాడు. ఓడ పగిలి మెలితే ద్వీపానికి చేరిన పౌలు వానలో, చలిలో వణుకుతుంటే నిప్పు రాజబెట్టింది సువార్త వినని ద్వీపవాసులే. పౌలు కాదనలేదు, తానే మోపెడు పుల్లలేరి ఆ నిప్పులో వేశాడు. మీ ప్రక్కింటి ముస్లిము కుటుంబం పండుగ రోజు పిలిస్తే, ఆ ఇంటి ముసలమ్మ చేతి టీ త్రాగి రండి. వెళ్ళిన ప్రతిచోటా మాట్లాడేవాళ్ళుగానే ఉండనక్కరలేదు.

సెప్టెంబరులో విశ్వవిద్యాలయాలు తెరుస్తారు. ఇరవై మూడేసి కిలోల రెండు పెట్టెలతో పిల్లలు హీత్రోలో దిగుతారు. కేర్ హోముల్లో పనికి వచ్చిన సహోదరీలు ఉంటారు. కొత్తగా పెళ్ళయి, ఉద్యోగం ఒకరికి ఉండి, ఇల్లు ఇంకా దొరకని జంటలూ ఉంటారు. సంఘం వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండుకు ఒక సందేశం వస్తుంది: రెండు రోజులకు ఎక్కడైనా గది ఉందా, అంకుల్? నూట నలభై మంది చూస్తారు. నీలి టిక్కులు కనబడతాయి. ఈసారి దానికి ఎవరు జవాబివ్వాలో, ఎవరింట్లో పరుపు ఖాళీగా ఉందో, ఎవరు కారు తీయగలరో, మొదటి పూట కూర ఎవరు వండుతారో, ముందే పేర్లు రాసిపెట్టుకోమని సంఘ పెద్దలను ప్రభువు పేరట బ్రతిమాలుతున్నాను. ఆ పట్టికలో పురుషుల పేర్లు కూడా వంట దగ్గర ఉండాలి.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారునికి సత్రములో స్థలము దొరకలేదు. చనిపోయిన ఆ నలుగురి తల్లిదండ్రులను ఆదరించు. పామీరు కొండల్లో పిల్లలను దూరదేశాలకు పంపి ఎదురుచూసే తల్లులను, మా ఊళ్ళలో ఎదురుచూసే తల్లులను జ్ఞాపకము చేసుకొనుము. ఈ రాత్రి వీధిలో ఉన్నవారిని మా కళ్ళకు కనబరచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.