సంతలో లేని బెరుకు బడిలో ఎందుకు?

మన పిల్లలకు బడిలో పరాయి భాష ఇంగ్లీషు ఒక్కటే కాదు. ఇంట్లో గోండి, కోయ, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్లకు తెలుగే మొదటి పరాయి భాష. అది నోటికి పట్టకముందే ఇంగ్లీషు వచ్చి మీద పడుతుంది. ప్రశ్న అడిగితే పిల్ల తల దించుకుంటుంది. మనం వెంటనే ‘దీనికి ఏమీ రాదు’ అనేస్తాం.

అదే పిల్లను వారపు సంతలో చూడండి. చింతపండు, చీపుర్లు అమ్ముతూ తెలుగులో బేరమాడుతుంది. వచ్చీరాని మాటలే, అయినా జంకదు. అక్కడ ఎదుటివాళ్లు తూచేది సరుకును. బడిలో మాత్రం మాటను బట్టి మనిషినే తూస్తాం. పిల్ల భయపడేది భాషకు కాదు, ఆ తూకానికి.

గోండిలో నీళ్లను ‘ఏర్’ అంటారు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. దాహమేసిన పిల్ల ‘ఏర్’ అంటే తరగతి నవ్వుతుంది. ఆ నవ్వు వల్ల పిల్లకు తెలుగు మాట రాదు, నోరు మూసుకోవడం అలవాటవుతుంది. గోండి, తెలుగు రెండూ ద్రావిడ భాషలే. ఆ రెండు మాటలూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే అదే మంచి పాఠం.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల దగ్గరే సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మొదట్లో ఆయన నాలుకా తడబడే ఉంటుంది. పండితుడు మన భాషలో తడబడితే దాన్ని సాధన అంటాం. మన పిల్ల తెలుగులో, ఇంగ్లీషులో తడబడితే మొద్దు అంటాం. ఇది న్యాయమేనా?

‘పరీక్ష జాలి చూపదు కదా’ అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. నిజమే. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి. భయపడుతున్నారని దాన్ని తప్పించడమూ అన్యాయమే. తప్పు దిద్దాలి. అయితే దిద్దేటప్పుడు వాక్యాన్ని దిద్దుతాం, ఎగతాళి చేసేటప్పుడు మనిషిని కించపరుస్తాం. ఈ రెంటినీ కలిపేయకూడదు.

ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు ఏర్పాట్లు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. ఆ ఏర్పాట్లను అడుగుతూనే ఉందాం. ఈలోగా పిల్లను ముందు తన భాషలో జవాబు చెప్పనిద్దాం. తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పిద్దాం. ఆ భాష రాని ఉపాధ్యాయులు పిల్లల దగ్గరే రోజుకో మాట నేర్చుకోవచ్చు. పై చదువులు చదివిన యువత ఊరికి వచ్చినప్పుడు తమ్ముళ్ల, చెల్లెళ్ల ఇంగ్లీషుకు నవ్వకుండా వాళ్లతో ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడాలి.

పిల్ల మన వైపు రావడానికి ముందు మనమే ఆమె వైపు ఒక అడుగు వేయాలి. పెద్దవాళ్లం మనమే కదా.