అత్తవారింటికి తెచ్చిన కేకు

ధ్యాన భాగము: రూతు 3:14-18



క్రిస్మస్ దగ్గర పడుతున్నకొద్దీ మన ఇండ్లలో ఒక ప్రశ్న లేస్తుంది. పండుగ భోజనమునకు అత్తగారింటికి వెళ్లేటప్పుడు ఏమి తీసికొని వెళ్లాలి? ఇంట్లో చేసిన కేకా, బేకరీలో కొన్న కేకా? ఇంత చిన్న సంగతి మీద ప్రసంగము ఎందుకని కొందరు అనుకోవచ్చును. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. మా ఇంట్లో జరిగినది చెప్తాను, వినండి.

నేను కోలారు బంగారు గనులలో పుట్టి పెరిగినవాడను. మా తాతగారు నెల్లూరు జిల్లా నుండి గని పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మా లైను ఇండ్లలో ఎవరికీ ఓవెను ఉండేది కాదు. డిసెంబరు నెల రాగానే మా అమ్మ ఎండుద్రాక్ష, జీడిపప్పు, చెర్రీలు సన్నగా తరిగి నారింజ రసములో నానబెట్టేది. రంగు కోసము పంచదారను నల్లగా మాడ్చి పాకము తీసేది. పిండి కలిపి రేకు డబ్బాలో పోసి, డబ్బా మీద మా ఇంటి నెంబరు మేకుతో గీసేది. దానిని తల మీద పెట్టుకొని వీధి చివరి బేకరీకి మోసేవాడను నేను. రొట్టెలు కాల్చిన తరువాత కట్టెల భట్టీలో మిగిలిన వేడిలో, డబ్బాకు ఇంత అని కూలి తీసికొని, వాళ్లు మా కేకులు కాల్చి ఇచ్చేవారు. ఆ వాసన ఇప్పటికీ నాకు క్రిస్మస్ వాసన.

నాకు పెండ్లి అయినది. నా భార్య బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. మొదటి క్రిస్మస్‌కు 24వ తేదీ రాత్రి ఆమెకు డ్యూటీ పడింది. తెల్లవారి డ్యూటీ దిగి, స్టేషను దగ్గర ఒక కేకు కొని, నాతో కలిసి మారికుప్పము రైలు ఎక్కింది. రైలులో కూర్చునే నిద్రపోయింది. ఇల్లు చేరి, కేకు పెట్టె రెండు చేతులతో అత్తయ్యకు అందించింది. మా అమ్మ పెట్టె చూసి, "అంగడి కేకా? తీరిక లేకపోతే వట్టి చేతులతో వచ్చినా సరిపోయేదమ్మా" అన్నది. పెట్టెను బీరువా పైన పెట్టింది. భోజనాల తరువాత తాను చేసిన కేకు కోసి అందరికీ పంచింది. ఆ పెట్టె తెరవలేదు. మూడవ రోజు చీమలు పట్టినవని దొడ్లో పారవేసింది.

నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట కూడా అనలేదు.

మరుసటి ఏట నా భార్య రాత్రి డ్యూటీ దిగి నిద్రపోకుండా, కిరోసిన్ స్టవ్ మీద గిన్నెలో ఇసుక పోసి కేకు చేసింది. అడుగు మాడిపోయింది. మా అమ్మ మాడిన భాగము కత్తితో తీసివేసి, "పరవాలేదులే, నేర్చుకుంటుంది" అన్నది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గాని కండ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పుడూ నేను ఏమీ అనలేదు.

ఇప్పుడు మన వాక్యము దగ్గరకు వద్దాము.

రూతు ఒక కోడలు. పైగా మోయాబు దేశస్థురాలు, వేరే భాష, వేరే జనము. మన సంఘాలలో కూడా ఈ రోజున తమిళ కోడలు, కన్నడ అల్లుడు, ఒడియా వియ్యంకులు లేని కుటుంబము అరుదు. ఆమె అత్త నయోమి బేత్లెహేముకు తిరిగి వచ్చినప్పుడు, తాను నిండుగా వెళ్లాననీ, దేవుడు తనను వట్టిదానిగా తిరిగి తెచ్చాడనీ ఏడ్చింది (రూతు 1:21). మూడవ అధ్యాయములో బోయజు రూతు దుప్పటిలో ఆరు కొలల యవలు పోసి, అత్త దగ్గరకు వట్టిగా వెళ్లకూడదని చెప్పి పంపాడు (3:17). హెబ్రీ మూలములో ఈ రెండు చోట్లా ఉన్న మాట ఒకటే. నయోమి ఏ మాటతో ఏడ్చినదో, ఆ మాటకే దేవుడు కోడలి దుప్పటిలో జవాబు పంపాడు.

ప్రియులారా, గమనించండి. ఆ యవలు రూతు పండించినవి కావు, వండినవి కావు, కొన్నవీ కావు. వేరొకరు ఇచ్చినవి. "నీవే స్వయముగా చేశావా?" అని నయోమి అడగలేదు. "నా కుమారీ" అని పిలిచి, ఏమి జరిగినదో అడిగి, ఆ యవలను బట్టి పంపినవాని మనస్సు తెలుసుకొన్నది. ఆ మనుష్యుడు ఈ పని ముగించే వరకు ఊరుకోడు అని ధైర్యము చెప్పింది. మా అమ్మ ఆ రోజు పెట్టెను చూచింది గాని, దానిని తెచ్చిన చేతులను చూడలేదు. రాత్రి అంతా రోగుల మధ్య నిలబడిన చేతులు అవి.

ఇందులో మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు ఉన్నాయి.

మొదటిది, వస్తువు ఎక్కడ తయారైనదన్న దానిని బట్టి ప్రేమను కొలవకూడదు.

మన ప్రభువు రెండు విధములైన భోజనములూ ఎరిగినవాడు. సమరయలో ఆయన బావి దగ్గర కూర్చుండగా శిష్యులు ఆహారము కొనుటకు ఊరిలోనికి వెళ్లారు (యోహాను 4:8). కొన్న ఆహారమును ఆయన హీనముగా ఎంచలేదు. తిబెరియ సముద్రతీరమున ఆయనే నిప్పులు పేర్చి, చేపలు, రొట్టె సిద్ధము చేసి శిష్యులను పిలిచాడు. అంతేకాదు, వారు పట్టిన చేపలలో కొన్ని కూడా తెమ్మన్నాడు (యోహాను 21:9-10). తాను చేసినది ఉన్నప్పటికీ, వారు తెచ్చినదానికి కూడా ఆ నిప్పుల మీద చోటు ఇచ్చాడు. అత్తలారా, ఇది మీరు ప్రత్యేకముగా గుర్తుంచుకోవాలి. మీ కేకు పక్కన కోడలి కేకుకు కూడా చోటు ఉండాలి.

ఇంకొక మాట. మా అమ్మ చేసిన కేకు ఇంటిదా, అంగడిదా? పిండి కలిపినది ఇంట్లో, కాల్చినది బేకరీలో. మైదా, పంచదార, ఎండుద్రాక్ష కొన్నది అంగడిలో. అన్నీ ఇంటివే అని గర్వించుటకు మనకు ఏమి ఉన్నది? అసలు మన పితరులకు కేకు ఎక్కడిది? 1876-78 కరువులో గంజి కోసము బకింగ్‌హాము కాలువ తవ్విన ప్రజల మనుమలము మనలో ఎందరో ఉన్నారు. ఆ కరువు వెంటనే 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంవత్సరము వారి క్రిస్మస్‌కు కేకు ఉన్నదని నేను అనుకోను. రైల్వే కాలనీలలో, గనుల ఊళ్లలో దొరల ఇండ్ల నుండి మనకు అలవాటైన తినుబండారము ఇది. మంచిదే, తిందాము. అయితే దానిని మోషే ధర్మశాస్త్రముగా చేయవద్దు.

రెండవది, తెచ్చేవారు తమ హృదయమును పరీక్షించుకోవాలి.

సీబా అనేవాడు దావీదు దగ్గరకు 200 రొట్టెలు, 100 ద్రాక్ష గెలలు, ఇంకా పండ్లు తెచ్చాడు (2 సమూయేలు 16:1-4). ఎంత గొప్ప కానుక! కాని దానితో పాటు తన యజమానుడైన మెఫీబోషెతు మీద చాడీ కూడా తెచ్చాడు. కేకు పెట్టెతో పాటు తోడికోడలి మీద చాడీలు మోసికొని వెళ్లే వారు మనలో లేరా? పెద్ద బేకరీ పేరు కనబడేటట్టు పెట్టెను ముందుకు తిప్పి పెట్టేవారు లేరా? "నేను మాత్రము అంతా ఇంట్లోనే చేస్తాను" అని పదిమందిలో చెప్పి, ఉద్యోగము చేసే ఆడబిడ్డను చిన్నబుచ్చేవారు లేరా? ఇంటి కేకులోనూ గర్వము కలుస్తుంది, అంగడి కేకులోనూ కలుస్తుంది. వెనుకటి దినములలో సారెలో ఎన్ని అరిసెలు వచ్చాయో లెక్కపెట్టి వియ్యపురాండ్రు తగవులాడుకునేవారు. ఇప్పుడు అరిసెలకు బదులు కేకు వచ్చింది, లెక్క మాత్రము పోలేదు.

కాబట్టి ప్రేమతో కొన్ని జాగ్రత్తలు తీసికొందాము. కొనేవారు అందులో రమ్ము, బ్రాందీ కలిపారా అని అడిగి కొనండి. అనేక బేకరీల ప్లమ్ కేకులలో అది ఉంటుంది, మన పెద్దల మనస్సాక్షికి అది అభ్యంతరము. మామయ్యకు షుగరు ఉన్నదా, అత్తయ్యకు పండ్లు గట్టివి నమలగలవా అని ముందుగా తెలిసికోండి. అప్పు చేసి పెద్ద కేకు కొనవద్దు. సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది పట్టెడు పిండి, కొంచెము నూనె మాత్రమే. ఆమె చేసిన చిన్న అప్పమునే దేవుడు అంగీకరించాడు (1 రాజులు 17:12-15).

మగవారితో ఒక మాట. కోడలే చేయాలని వాక్యములో ఎక్కడ ఉన్నది? లోతు తన అతిథులకు పులియని రొట్టెలు కాల్చాడు (ఆదికాండము 19:3). గిద్యోను తూమెడు పిండితో తానే అప్పములు చేశాడు (న్యాయాధిపతులు 6:19). 2001 ఫిబ్రవరి 28న మా గనులు మూతపడిన తరువాత మా పిల్లలు ఎందరో చీకటితోనే రైలెక్కి బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగి వస్తున్నారు. అట్టి ఇల్లాలిని ఇంటి కేకు అడిగే భర్త, ముందు తాను కోడిగ్రుడ్లు గిలకొట్టవలెను.

మూడవది, మౌనముగా ఉన్నవారు కూడా లెక్క అప్పజెప్పవలెను.

ఇది నేను నాకే చెప్పుకొనుచున్నాను. కొన్ని సంవత్సరాల తరువాత మా అమ్మకు జబ్బు చేసి మంచము పట్టింది. నా భార్య సెలవు పెట్టి ఆమెకు సేవ చేసింది. పండ్లు ఊడిపోయి గట్టి కేకు తినలేకపోతే, బేకరీ నుండి మెత్తని స్పాంజి కేకు తెచ్చి టీలో ముంచి తినిపించేది. ఒక సాయంత్రము మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని, "ఆ ఏడు నీ పెట్టె తెరవవలసింది తల్లీ" అన్నది. అత్తాకోడండ్లు ఇద్దరూ ఏడ్చారు. వారి మధ్య లెక్క ఆ రోజుతో తీరిపోయింది.

నా లెక్క తీరలేదు. అమ్మను సమాధి చేసి వచ్చిన రాత్రి నేను నా భార్యను క్షమాపణ అడిగాను. ఆమె అన్నది: "కేకు సంగతి ఎప్పుడో మరచిపోయానండి. అత్తయ్య ఒక మాట అన్నారు, పెద్దవారు. మీరు పక్కనే ఉండి ఏమీ అనలేదు. అది మాత్రము మరువలేకపోయాను." నేను సంఘములో ఎన్నోసార్లు వాక్యము చెప్పినవాడను. నా సొంత ఇంట్లో బల్ల దగ్గర చెప్పవలసిన ఒక్క మాట చెప్పలేదు. "అమ్మా, ఆమె తెచ్చినది కూడా కోద్దాము" అంటే చాలు, అయిపోయేది.

కుమారులారా, ఈ క్రిస్మస్‌కు ఆ మాట మీరు చెప్పండి. అత్తలారా, పెట్టెను బీరువా మీద పెట్టవద్దు. అందరి ముందు తెరిచి, మొదటి ముక్క కోడలి నోటికి పెట్టండి. కోడండ్లారా, మీ అత్త చేతి కేకు అడిగి తినండి. ఎలా చేస్తారో కూడా అడిగి తెలిసికోండి, ఆమె ఎల్లకాలము ఉండదు. తినేవాడు తిననివానిని తృణీకరించకూడదని రోమీయులకు 14:3లో అపొస్తలుడు నేర్పిన దానిని మన భోజనపు బల్ల దగ్గర కూడా పాటిద్దాము.

చివరగా, నెహెమ్యా 8:10 చదవండి. పండుగ దినమున తమకొరకు ఏమీ సిద్ధము చేసికొననివారికి పాళ్లు పంపవలెనని అక్కడ ఉన్నది. కేకు ఇంటిదైనా, అంగడిదైనా, ఒక ముక్క పక్కకు తీసిపెట్టండి. కోడలు గాని కుమారుడు గాని రాని ఇల్లు మీ వీధిలో ఒకటి ఉంటుంది. అది అక్కడకు చేర్చండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, వట్టి చేతులతో వచ్చిన మమ్మును నీ కుమారుని బట్టి చేర్చుకొన్నావు. మా ఇండ్లకు వచ్చేవారిని అలాగే చేర్చుకొనే మనస్సు మాకు దయచేయుము. చెప్పవలసిన చోట మేము ఊరకున్న పాపమును క్షమించుము. మా పండుగ బల్లల దగ్గర ఎవరి కన్నులూ నీళ్లు నిండకుండ కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.