వలసపోయే కుటుంబం - ఒక నైతిక ప్రశ్న

మన మధ్యతరగతి సంభాషణల్లో ఎటువంటి వాదాన్నైనా అక్కడికక్కడే ఆపివేయగల మాట ఒకటున్నది. అది ‘పిల్లల కోసం’ అనే మాట. విదేశానికి పోతున్నవారిని ఎందుకు పోతున్నారని అడిగితే, జీతం ఎక్కువని చెప్పడానికి కొంచెం మొహమాటపడతారు. పిల్లల చదువు కోసమని చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. ఆ మాట విన్న తరువాత మరొక ప్రశ్న వేయడం మర్యాద కాదని మనమూ అనుకుంటాం. నిజానికి నైతిక విచారణ మొదలు కావలసింది అక్కడే.

ఈ విషయంలో మనకు అలవాటైన అభిప్రాయాలు రెండున్నవి. ఎవరి కుటుంబాన్ని వారు ఎక్కడికి తీసుకుపోతే మనకేమి, అది వారి సొంత విషయం అనేది మొదటిది. ప్రజల సొమ్ముతో చదువుకుని పరాయి దేశానికి పోతున్నారు, మనుషులకు గతిలేని దేశంలో పెంపుడు కుక్కను కూడా విమానం ఎక్కిస్తున్నారు అని ఎత్తిపొడవడం రెండవది. మొదటి దానిలో విచారణ లేదు. రెండవ దానిలో కోపం వున్నది గాని విశ్లేషణ లేదు. అసలు ప్రశ్న వేరు. తన ఇంటిల్లిపాదితో ఒక చోటినుంచి మరొక చోటికి కదలగలగడం మనిషికి హక్కా, లేక కొందరికి మాత్రమే దక్కే బహుమతా?

విషయం గాలిలో తేలకుండా వుండడానికి ఒక దేశాన్ని తీసుకుందాం. ఇంగ్లండుకు మన రెండు రాష్ట్రాల నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు, నర్సులు, విద్యార్థులు పోతూనే వున్నారు. హైదరాబాదులో పనిచేసే ఒక ఇంజనీరు, అతని భార్య, బడి ఈడు పిల్లలిద్దరు, ఒక కుక్క అక్కడికి పోతున్నారనుకుందాం. వీసా రుసుము సంగతి అలా వుంచి, ఆరోగ్య సేవల కోసం కట్టవలసిన సర్‌చార్జి 2024 ఫిబ్రవరిలో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి పెద్దవారికి 1,035 పౌన్లు, పిల్లలకు 776 పౌన్లు. మూడేళ్ల వీసాకు ఈ నలుగురికీ కలిపి 10,866 పౌన్లు. అది ముందుగానే చెల్లించాలి. కంపెనీ భరిస్తే సరి, లేకపోతే సొంత ఇల్లు తాకట్టు పెట్టవలసిందే.

కుక్కకు ముందుగా చర్మం కింద మైక్రోచిప్ పెట్టించాలి. తరువాత రేబీస్ టీకా వేయించాలి. వరస తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. టీకా తరువాత కనీసం 30 రోజులు ఆగి, రక్తం తీయించి, ఆమోదం పొందిన ప్రయోగశాలకు పంపాలి. పరీక్ష నెగ్గినా, రక్తం తీసిన నాటినుంచి మూడు నెలలు ఆగాలి. దిగబోయే వేళకు 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా బద్దెపురుగుల మందు వేయించాలి. ఇంత చేసిన తరువాత ఆ కుక్క విమానంలో సరుకుగా ఇంగ్లండులో దిగుతుంది.

ఇల్లు, బడి ఇంతకంటే చిక్కుముడి. ఏ బడికి దరఖాస్తు పెట్టినా ఇంటి చిరునామా అడుగుతారు. ఇల్లు అడిగితే ఏజెంటు జీతం కాగితాలు, వెనకటి ఇంటి యజమాని ఇచ్చిన యోగ్యతాపత్రం అడుగుతాడు. కొత్తగా దిగినవాడి దగ్గర అవి రెండూ వుండవు. కుక్క వున్నదనగానే చూపించే ఇళ్ల సంఖ్య తగ్గిపోతుంది. పైగా, అద్దెకు దిగబోయే పెద్దవారికి ఆ దేశంలో వుండే హక్కు వున్నదో లేదో ఇంటి యజమానే పత్రాలు తనిఖీ చేయాలి. 2014 వలస చట్టం మోపిన ఈ బాధ్యత 2016 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండు అంతటా అమలవుతున్నది. దీనివల్ల యజమానులు విదేశీయులపట్ల వివక్ష చూపుతున్నారని 2019లో హైకోర్టు చెప్పింది. 2020లో పై కోర్టు, వివక్ష కొంత జరుగుతున్నదని ఒప్పుకుంటూనే, పద్ధతిని నిలబెట్టింది.

ఇంగ్లండు ప్రభుత్వ బడుల్లో ఫీజు లేదు. వలస వచ్చినవారి పిల్లలకు కూడా లేదు. ఇది కష్టపడి సాధించుకున్న మంచి విషయం. కాని ఖాళీలకంటే అడిగేవారు ఎక్కువైన చోట, దగ్గరలో నివసించేవారిని ముందు తీసుకోవడం అనేక బడుల పద్ధతి. అందుచేత మంచి పేరున్న బడి చుట్టూ ఇళ్ల ధరలూ అద్దెలూ పెరుగుతాయి. బడి తీసుకోని ఫీజును ఇంటి యజమాని తీసుకుంటాడు. ‘మంచి బడి ఎంచుకున్నాం’ అని తల్లిదండ్రులు చెప్పుకునే మాటకు అర్థం, మంచి బడి వున్న వీధిలో అద్దె ఇచ్చుకోగలిగామని. ఎంపిక అనేది చాలా వరకు జీతానికి మరో పేరు.

అయినా ఈ ఇంజనీరు కష్టాలు తీరే కష్టాలు. తలుపు బరువుగా వున్నది గాని తెరుచుకుంటుంది. ఇప్పుడు అదే దేశానికి మరో తలుపు దగ్గర నిలబడినవారిని చూడాలి.

వృద్ధులను, రోగులను కనిపెట్టుకుని వుండే పనికి మనుషులు చాలక, ఇంగ్లండు 2022 ఫిబ్రవరిలో ఆ పనివారికి వీసా మార్గం తెరిచింది. మన దేశంనుంచి కూడా ఎందరో వెళ్లారు. 2024 మార్చి 11 నుంచి ఆ పనికి వచ్చేవారు భర్తను గాని, భార్యను గాని, పిల్లలను గాని వెంట తెచ్చుకోరాదన్నారు. 2025 జూలైలో విదేశాలనుంచి కొత్తవారిని తీసుకోవడమే మానేశారు. ఆ పదహారు నెలల మధ్యకాలంలో వెళ్లిన ఒక తల్లిని తలచుకోండి. ఆమె ఎవరి తల్లికో స్నానం చేయించి, అన్నం తినిపించి, పక్క సరిచేసి, రాత్రి గదికి చేరి, తన బిడ్డ ముఖం ఫోనులో చూసుకుంటుంది. పైన చెప్పిన టీకాలూ పరీక్షలూ పూర్తిచేస్తే ఆమె తన కుక్కను తీసుకుపోవచ్చు. బిడ్డను మాత్రం తీసుకుపోరాదు. అదే రోజుల్లో అదే దేశం మన ఇంజనీరుకు పిల్లలను తెచ్చుకోవడానికి అనుమతి ఇస్తూనే వున్నది.

ఈ తేడాకు నైతికమైన సమర్థన ఏమున్నది? ఇంజనీరు తన పిల్లలను ఎక్కువగా ప్రేమిస్తాడనా? ఆమె చేసే పని ఆ దేశానికి తక్కువ అవసరమనా? కాదు. ఆమె శ్రమ కావాలి గాని, ఆమె బిడ్డ చదువుకయ్యే ఖర్చు అక్కరలేదు. పెరిగిన మనిషిని తయారుగా దిగుమతి చేసుకోవడం, పెరగవలసిన మనిషిని ఆమె ఊళ్లోనే, ఆమె తల్లి ఖర్చుమీద వదిలివేయడం ఇందులోని లెక్క. గల్ఫు దేశాలకు పోయిన కరీంనగరం, నిజామాబాదు పనివారికి ఈ లెక్క చాలా కాలంగా తెలుసు. అక్కడా కుటుంబాన్ని తెచ్చుకునే అర్హతను జీతమే నిర్ణయిస్తుంది. ఒకరి విషయంలో కుటుంబం పవిత్రమైనది, మరొకరి విషయంలో భారమైనది. కుటుంబ ధర్మాన్ని గురించి ఉపన్యాసాలిచ్చే ధనస్వామ్యం తన అవసరాన్నిబట్టి దానికి వెల కడుతుంది.

ఇక్కడ మనవారు కొందరు తొందరపడి, ‘చూశారా, కుక్కకున్న విలువ మనిషికి లేదు’ అంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. పదేళ్లు ఇంట్లో పిల్లలతో పాటు పెరిగిన జంతువును వీధిలో వదిలిపోవడం కంటే, ఆరు నెలలు కష్టపడి వెంట తీసుకుపోవడం నిస్సందేహంగా మంచి పని. దయ అనేది ఒకరికి పంచితే మరొకరికి తరిగిపోయే ధాన్యం కాదు. కుక్క కథ మనకు నేర్పే పాఠం వేరే వున్నది.

ఇంగ్లండు రేబీస్ భయంతో, బయటినుంచి వచ్చే కుక్కలను దశాబ్దాల తరబడి ఆరు నెలలపాటు నిర్బంధంలో వుంచింది. ఇది మారరాదని, మారితే ప్రమాదమని వాదించేవారు. కుక్కల యజమానులు, వారిలో పలుకుబడి గలవారు కూడా, ఆందోళన చేశారు. ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసింది. చిప్పు, టీకా, రక్తపరీక్ష వుంటే నిర్బంధం అక్కరలేదని ఆ సంఘం 1998లో సూచించింది. 2000 ఫిబ్రవరి 28 నుంచి కొన్ని దేశాల కుక్కలకు కొత్త పద్ధతి వచ్చింది. తరువాత అది ఇతర దేశాలకూ విస్తరించింది. నిజంగా ప్రాణాంతకమైన వ్యాధి విషయంలోనే, భయాన్ని జ్ఞానంతో జయించి దారి వేయగలిగిన రాజ్యం, పనిచేసే తల్లి దగ్గరకు బిడ్డ చేరడానికి దారి వేయలేదంటే, చేతకాక కాదు. ఇష్టం లేక. ఆ తల్లుల పక్షాన నిలబడే పలుకుబడి ఇంకా తయారు కాక.

పలుకుబడి ఎలా తయారవుతుందో చరిత్ర చెబుతుంది. 1950, 60లలో ఇంగ్లండులో నల్లవారికి, ఐరిషువారికి, కుక్కలకు ఇల్లివ్వబడదని బోర్డులు వుండేవని ఆనాటి వలసవారు చెప్పుకున్నారు. 1964 ఎన్నికల్లో స్మెథిక్ పట్టణంలో వర్ణద్వేషాన్ని రెచ్చగొట్టి పీటర్ గ్రిఫిత్స్ గెలిచాడు. ఆ పట్టణంలోనే మార్షల్ వీధిలో ఖాళీ అయిన ఇళ్లను కౌన్సిలు కొని తెల్లవారికే ఇవ్వాలని కొందరు ప్రయత్నించారు. 1938లో కోవెంట్రీలో పుట్టిన ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వారి ఆహ్వానం మీద మాల్కం ఎక్స్ 1965 ఫిబ్రవరిలో ఆ వీధికి వచ్చాడు. తొమ్మిది రోజుల తరువాత న్యూయార్కులో హత్యకు గురైనాడు. ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు.

బడుల్లోనూ ఇదే కథ. సౌతాల్‌లో పంజాబీ పిల్లలు ఎక్కువైనారని తెల్లజాతి తల్లిదండ్రులు 1963లో అలజడి చేశారు. ఒక్కొక్క బడిలో వలసవారి పిల్లలు మూడవ వంతుకు మించకుండా చెదరగొట్టాలని 1965లో ప్రభుత్వం సలహా ఇచ్చింది. దాని ప్రకారం బస్సులెక్కి దూరపు బడులకు పోవలసినవారు వలసవారి పిల్లలే, తెల్ల పిల్లలు కారు. ఆ తల్లిదండ్రులూ ‘పిల్లల కోసమే’ అన్నారన్నది గుర్తుంచుకోవాలి. ఆ మాట ఎంత ప్రేమను మోయగలదో అంత ద్వేషాన్నీ మోయగలదు.

ఇవాళ మన ఇంజనీరుకు అక్కడ ఇల్లు దొరికితే, పిల్లలు ఇంటి పక్క బడిలో చేరితే, అది అతని ప్రతిభ ఒక్కటే కాదు. ఇనుప కొలిముల్లో పనిచేసిన పంజాబీ కార్మికులు, కరీబియన్ దీవుల బస్సు కండక్టర్లు, వారితో నిలబడిన ఆంగ్ల కార్మికులు చేసిన పోరాటపు ఫలితం అందులో వున్నది. అతను తీర్చవలసిన బాకీ అది. దాన్ని తీర్చే పద్ధతి, తరువాత వచ్చేవారికి తలుపు మూయాలనే పార్టీకి ఓటు వేయడం కాదు.

మరొక సంగతి. ఈ ప్రయాణం ఎవరి కోసమని చెబుతున్నామో, ఆ పిల్లలను ఎవరూ అడగరు. కుక్కనైతే అడగలేం. పదేళ్ల పిల్లను అడగవచ్చు. అమ్మమ్మ, స్నేహితులు, తాను చక్కగా మాట్లాడగల భాష, వీటిని ఒక్కరోజున పోగొట్టుకుని, తరగతిలో నోరు విప్పడానికి భయపడే స్థితిలో ఆ పిల్ల పడుతుంది. అయిదారేళ్ల తరువాత ఆమె మార్కులు తగ్గితే, ‘నీ కోసమే కదా ఇంత దూరం వచ్చాం’ అని తండ్రి అంటాడు. తాను కోరని రుణానికి బిడ్డను బాధ్యురాలిని చేయడం ప్రేమ కాదు. పెద్దలు తమ కోరికను తమదేనని ఒప్పుకుంటే, ఆ బరువులో సగమైనా పిల్లలమీదనుంచి దిగుతుంది.

చివరకు మన ఇంటి సంగతి. లండనులో రంగు చూసి ఇల్లు లేదన్నారని బాధపడే మనిషి, హైదరాబాదులోనో విజయవాడలోనో తన ఫ్లాటును ఎవరికి అద్దెకిస్తున్నాడు? ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు పెట్టి, వచ్చినవారిని ఇంటిపేరూ ఊరిపేరూ తరచి తరచి అడిగి, కులం తెలియగానే ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ’ అనేది మనం కాదా? మన ప్రభుత్వ బడి పాడుపడిపోతుంటే మన పిల్లలను దానిలోనుంచి తప్పించడమే తండ్రి ధర్మమని మనం నిర్ణయించుకోలేదా? జీతం తీసుకునే ఉపాధ్యాయులం, అధ్యాపకులం ఈ విషయంలో మరీ ముందున్నాం. ఈ వ్యాసం రాస్తున్నవాడు కూడా ఈ నిందకు బయటివాడు కాడు.

వెళ్లవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మనిషి ఎప్పుడూ కదులుతూనే వున్నాడు, కదలాలి కూడా. తన పిల్లలకు మంచి బడి, తన ఇంటికి కప్పు, తన కుక్కకు ఒక మూల కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కోరిక ఇతరులకూ వుంటుందని గుర్తించడానికి నిరాకరించిన క్షణంలో తప్పు మొదలవుతుంది. ‘పిల్లల కోసం’ అనే మాట నిజంగా నీతిగల మాట అయ్యేది, అందులో ఆ వృద్ధురాలికి అన్నం తినిపిస్తున్న తల్లి బిడ్డ కూడా చేరినప్పుడే. అంతవరకు అది వాదాన్ని ఆపే మాట మాత్రమే. మన పని ఆ వాదాన్ని ఆగనివ్వకుండా సాగించడం.