వంటనూనెలో ఇతరుల హక్కు

రమజాన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో నూనె వాడకం పెరుగుతుంది. అస్ర్ నమాజు కాగానే సమోసాలు, పకోడీలు వేయించే బాణలి పొయ్యి మీదికెక్కుతుంది. ఆ నూనె హలాలా, హరామా అని ఎవరూ అడగరు. అడగవలసిన పనీ లేదు, పండు నుంచి తీసిన నూనె ధర్మసమ్మతమే. అయితే ధర్మసమ్మతమైన వస్తువు మన వంటింటికి చేరిన దారిలో ఇతరులకు అన్యాయం జరిగి ఉంటే, అందులో కొన్నవానికి ఏమైనా భాగం ఉంటుందా? పామాయిల్‌ను ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ షాపుల్లో పామోలిన్ ఇచ్చేవారు కనుక ఈ పేరు మనకు కొత్త కాదు. బిస్కట్లలో, హోటల్ వంటల్లో, చివరికి సబ్బుల్లో కూడా ఇదే. ప్రపంచ ఉత్పత్తిలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఇండోనేషియా, మలేషియాలదే. ఆ రెండూ ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న దేశాలన్న సంగతి కూడా గమనించాలి.

సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతాల్లో చాలాచోట్ల అడవి కింద ఉండేది మామూలు మట్టి కాదు. వేల ఏళ్ళుగా ఆకులు, కొమ్మలు నీటిలో నానుతూ, పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన పొర అది. తోట వేయడానికి కాలువలు తవ్వి ఆ నీటిని బయటికి పంపుతారు. నీరు పోయిన నేల ఎండు పిడకలా అంటుకుంటుంది. పొలం చదును చేయడానికి నిప్పు పెట్టడం చాలా చౌక. పైన మంట ఆరినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. 2015లో జూన్, అక్టోబర్ నెలల మధ్య ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయని, నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. పొగ పొరుగున ఉన్న సింగపూర్, మలేషియాలను కూడా కమ్మేసి, అక్కడ బడులు మూయవలసి వచ్చింది. ఆ మంటలన్నీ పామాయిల్ కోసమే పెట్టినవని అనడం అన్యాయం. కాగితపు గుజ్జు తోటలూ ఉన్నాయి, ఆ ఏటి కరవూ ఉంది.

మరుసటి ఏడు, 2016లో, ఇండోనేషియా ఉలమా మండలి ఫత్వా ఇచ్చింది. హాని కలిగేలా అడవులను, భూములను తగలబెట్టడం హరామ్ అన్నది. అంతటితో ఆగలేదు. అందుకు సహకరించడం, చూస్తూ ఊరకుండటం, దాని నుంచి లాభం పొందడం కూడా హరామ్ అని ప్రకటించింది. మన ప్రశ్నకు సంబంధించిన మాట ఈ చివరిదే. నూనె చౌకగా దొరకడం కూడా లాభమే కదా!

బజారులో కొనే ప్రతి వస్తువు పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీయమని ధర్మశాస్త్రం మనపై భారం మోపలేదు. వస్తువుల విషయంలో మూలం అనుమతే. కనుక ప్యాకెట్టు కొన్న గృహిణిని నిప్పు పెట్టినవాడితో జమకట్టడం నా దృష్టిలో సరికాదు. కానీ ఓడలకొద్దీ నూనె తెప్పించే వ్యాపారి సంగతి వేరు. ఏ తోట నుంచి వచ్చిందో అతను అడగగలడు. అడగగలిగి కూడా అడగనివాడు తెలియదని తప్పించుకోలేడు.

పామాయిల్ మానేస్తే సరిపోతుందని కొందరంటారు. ఇండోనేషియా తోటల్లో సుమారు నలభై శాతం చిన్న రైతులవి. పైగా ఒక ఎకరం పామాయిల్ ఇచ్చే నూనె సోయా నుంచి రావాలంటే దానికి ఎన్నో రెట్ల భూమి కావాలి. ఆ భూమి మరెక్కడి అడవి నుంచో వస్తుంది. ఈ మానేయడం కంటే, ఇఫ్తార్ విందుల్లో వేయించి సగం పారేసే అలవాటును మానడం మన చేతిలో ఉన్న పని. దుబారా (ఇస్రాఫ్) విషయంలో ఎవరి ఫత్వా కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

2022 రమజాన్‌లో నూనె పండించే ఇండోనేషియాలోనే ధరలు మండిపోయాయి. ప్రజలు నూనె కోసం బారులు తీరారు. ఏప్రిల్ 28న ఆ ప్రభుత్వం ఎగుమతులు ఆపి, మే 23న తిరిగి అనుమతించింది. ఆ నిషేధం మన బజారులోనూ గుబులు పుట్టించింది.

దేశంలో పామాయిల్ సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశే. తెలంగాణలోనూ తోటలు విస్తరిస్తున్నాయి. 2025 మే చివర కేంద్రం ముడి పామాయిల్‌పై మూల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. నూనె కొనే ఇల్లాలికి అది ఊరట. ఏలూరు జిల్లాలో గెలలు కోసే రైతుకు మాత్రం తన గెల ధర ఎంత పడిపోతుందోనన్న బెంగ.