పంపు ఎవరి దగ్గరుంది?

"మీరు వెళ్ళండిరా, నేను మెల్లగా వస్తా."

కల్వకుర్తి దాటాక రోడ్డు పక్కన ఒక హోటల్ ముందు, ప్లేట్లో రెండో ఇడ్లీ సగం వదిలేసి, అన్న ఈ మాటన్నాడు. ఆగస్టు నెల, శనివారం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా ఒక్కరోజులో సైకిళ్ళ మీద వెళ్ళాలని అయిదుగురం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. అన్న మాలో పెద్దవాడు, నలభై దాటాయి. ఎప్పుడో నా మొదటి ఉద్యోగంలో టీం లీడ్. ఇప్పుడు ఎవరి కంపెనీ వారిదే, ఆ పిలుపు మాత్రం మిగిలింది.

మేం వెళ్ళిపోయాం. వెళ్ళడానికి కారణం ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అక్కడ వాహనాలను వదలరు. గేటు సంగతి అలా ఉంచినా, ఆ అడవినీ ఘాట్ రోడ్డునీ చీకటిపడ్డాక సైకిల్ మీద దాటాలని ఎవరూ అనుకోరు. మధ్యాహ్నానికల్లా మన్ననూరు చేరితేనే లెక్క కుదురుతుంది. అన్న వేగంతో అది కుదిరేలా లేదు. పైగా ఆయనే వెళ్ళమన్నాడు కదా.

ఆ "కదా" గురించే ఈ వ్యాసం.

మన ఇళ్ళలో విస్తరి ముందు కూర్చున్నవాడు "చాలండీ" అంటే వడ్డించేవాళ్ళు ఆగరు. ఆ చాలు నిజంగా చాలో, మొహమాటమో వాళ్ళకి తెలుసు. తెలియకపోతే ఇంకో గరిటె వేసి తెలుసుకుంటారు. "మీరు వెళ్ళండి" కూడా ఆ జాతి మాటే. అది అనుమతి కావచ్చు, మర్యాద కావచ్చు, "వెళ్ళొద్దు" కూడా కావచ్చు. మేం ఆ మాటని దాని నిఘంటువు అర్థంలో తీసుకున్నాం. మనకి అనుకూలంగా ఉన్నప్పుడు నిఘంటువుని మించిన ఆప్తుడు లేడు.

మన్ననూరు చేరి, సైకిళ్ళు గోడకి ఆనించి, టీ చెప్పాక ఫోన్ తీశాను. సైలెంట్‌లో ఉంది. అన్న నుంచి ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే కలవలేదు. ఆ గంటన్నరలో నలుగురం ఏం మాట్లాడుకున్నామో నాకు బాగా గుర్తుంది. "ప్రాక్టీస్ రైడ్లకి రాలేదు కదా" అన్నాడొకడు. "రాత్రి సరిగా పడుకోలేదట మామా" అన్నాడింకొకడు. నేనన్న మాట అన్నిటికంటే తెలివైనది: "పొద్దున అంత ఊపుగా ముందు తొక్కకుండా ఉండాల్సింది."

పొద్దున ఏం జరిగిందో చెప్పాలి. ఆగస్టులో అక్కడ నైరుతి గాలి. మేం వెళ్ళేది దక్షిణానికి, అంటే దాదాపు ఎదురుగాలి. సైకిల్ తొక్కేవాడికి చదును రోడ్డు మీద పెద్ద శత్రువు గాలే. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ ఇంచుమించు ఘనంతో పెరుగుతుంది. ముందువాడి చక్రానికి దగ్గరగా వెనక తొక్కేవాడికి ఆ శ్రమలో పావువంతుకు పైగా తగ్గుతుంది. అందుకే గుంపులో వంతులవారీగా ముందుకొస్తారు. ఆ రోజు కల్వకుర్తి దాకా ఎక్కువసేపు ముందున్నది అన్న. మేం ఆయన వెనక కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం. నా కాళ్ళలో మన్ననూరు దాకా మిగిలిన సత్తువలో కొంత ఆయనది. అది వాడుకుని ఆయన్నే దాటిపోయి, చివరికి ఆయన ముందు తొక్కడాన్నే తప్పుగా లెక్కేశాను.

రెండింటికి అన్న వచ్చాడు. కూరగాయల ట్రాలీ ఆటోలో, గోతాల మీద సైకిల్ పడుకోబెట్టుకుని. పంక్చర్. స్పేర్ ట్యూబు ఆయన దగ్గరుంది, మార్చుకున్నాడు కూడా. గాలి కొట్టడానికి పంపు లేదు. బరువు తగ్గించుకోవాలని సామాన్లు పంచుకున్నాం. అయిదుగురికి ఒకటే పంపు, అది నా బ్యాగులో ఉంది. నాలుగు కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ ఒక పంక్చర్ షాపు పట్టుకున్నాడు. మా సైకిళ్ళకుండే సన్న ప్రెస్టా వాల్వుకి బైకులకి గాలికొట్టే కంప్రెసర్ పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి. అదీ నా బ్యాగులోనే ఉంది.

దిగుతూనే అన్న అన్నాడు, "సారీ రా, నా వల్ల మీ రైడ్ పోయింది."

తిట్టినా బాగుండేది. బండి మాట్లాడుకుని అయిదుగురం హైదరాబాద్ వచ్చేశాం. దారిలో ఎవరూ పంపు ఊసెత్తలేదు.

తర్వాత నేను ఈ దూరపు రైడ్ల చరిత్ర చదివాను. 1904లో ఫ్రాన్సులో ఆన్రి దెగ్రాంజ్ మొదలుపెట్టిన ఆడాక్స్ పద్ధతిలో గుంపంతా ఒక కెప్టెన్ వెనక, నిర్ణయించిన వేగంతో, కలిసే వెళ్ళాలి. 1921లో ఆయనకీ ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌కీ చెడింది. అప్పుడు ఆ క్లబ్బు ఎవరి వేగం వారిది అనే పద్ధతి తెచ్చింది. ఇవాళ మన దగ్గర జరిగే బీఆర్ఎంలు దాని సంతానమే. రెండొందల కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, నీ బాధ నువ్వు పడాలి, దారి మధ్యలో ఎవరూ వెంట బండేసుకొచ్చి సాయం చేయకూడదు.

రెండూ న్యాయమైన పద్ధతులే అని నాకనిపిస్తుంది. ఒకదాంట్లో కలిసి వెళ్తాం కాబట్టి కలిసి మోస్తాం. రెండోదాంట్లో విడివిడిగా వెళ్తాం కాబట్టి ఎవరి పంపు వారే మోస్తాం. మేం చేసిందేమిటంటే, బరువు పంచుకునేటప్పుడు మొదటి పద్ధతి, వదిలి వెళ్ళేటప్పుడు రెండోది. స్నేహాల్లోనూ, ఉమ్మడి కాపురాల్లోనూ, ఆఫీసుల్లోనూ నేను చూసిన చాలా అన్యాయాలు ఇలాంటివే. ఒక నియమం కింద తీసుకుంటాం, ఇంకో నియమం కింద సెలవు తీసుకుంటాం.

అలాగని "ఎప్పుడూ ఆగాల్సిందే" అనడం నాకు చేతకాదు. ఆగడంలోనూ హింస ఉంది. చూసేవుంటారు: ముందెళ్ళినవాళ్ళు పావుగంట ఆగి, నీళ్ళు తాగి, ఫోటోలు దిగుతారు. చివరివాడు రొప్పుతూ వస్తాడు. "వచ్చావా, పద" అని లేస్తారు. అందరికంటే అలిసినవాడికి అందరికంటే తక్కువ విశ్రాంతి. పైగా నలుగురు తనకోసం నిలబడ్డారన్న సిగ్గు వాడికి అదనపు బరువు. అన్న ఆ రోజు "వెళ్ళండి" అన్నది నిజంగానే ఆ సిగ్గు పడలేక అయ్యుండొచ్చు. అప్పుడు ఆగడం కూడా ఆయన మాట వినకపోవడమే.

ఇక్కడే నాకు మహాప్రస్థానిక పర్వం గుర్తొస్తుంది. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో అదొకటి. పాండవులు ద్రౌపదితో కలిసి ఉత్తరానికి నడుస్తుంటారు, వెంట ఒక కుక్క. ముందు ద్రౌపది పడిపోతుంది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. పడ్డప్పుడల్లా ఎందుకిలా అయిందని భీముడు అడుగుతాడు. ధర్మరాజు వెనక్కి చూడకుండా ఒక్కో దోషం చెప్తాడు. ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతం, సహదేవుడికి తెలివి మీద గర్వం, నకులుడికి అందం మీద. చెప్పి నడుస్తూనే ఉంటాడు. చిన్నప్పుడు ఇది నిర్లిప్తత అనుకున్నాను. మన్ననూరు టీకొట్టు తర్వాత వేరేలా వినిపించింది. పడ్డవాడిలో దోషం దొరికితే మనం ఆగక్కర్లేదు. ఆఫీసులో లేఆఫ్ మెయిల్ వచ్చిన సాయంత్రం మేం చేసే పని కూడా ఇదే: పోయినవాడి పర్ఫార్మెన్స్ గురించి మాట్లాడుకోవడం.

కానీ కథ అక్కడ ఆగదు. అదే ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు. స్వర్గారోహణ పర్వంలో నరకం చూడాల్సొచ్చినప్పుడు, వెనుదిరగబోతే గొంతులు వినిపిస్తాయి, కాసేపు ఉండమని. ఆయన ఒంటి మీదుగా వచ్చే చల్లగాలి తమకి ఉపశమనంగా ఉందంటారు. ఎవరు మీరని అడిగితే, తమ్ముళ్ళు, ద్రౌపది, కర్ణుడు. అప్పుడు ఆయన దోషాలు లెక్కపెట్టడు. ఇక్కడే ఉంటానంటాడు. దారిలో ఎందుకు ఆగలేదో, అక్కడ ఎందుకు ఆగాడో పండితులు చెప్పాలి. నాకు అర్థమైనంతలో, దారిలో ఆయన భీముడి ప్రశ్నకి జవాబు చెప్తున్నాడు. నరకంలో తన గాలి ఇంకొకరికి ఏమవుతోందో వింటున్నాడు.

నవంబర్లో అనంతగిరి వెళ్ళాం, అదే అయిదుగురం. వికారాబాద్ దాటాక ఎత్తు మొదలయ్యే చోట అన్న మళ్ళీ వెనకబడ్డాడు. మళ్ళీ అదే మాట, "మీరు వెళ్ళండిరా."

ఈసారి నేను కాలు కింద పెట్టాను. "పంపు నీ దగ్గరుందా అన్నా?"

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, ఫ్రేముకి బిగించిన కొత్త పంపు చూపించాడు. అడాప్టర్ కూడా కొన్నాడట. "నిజంగా వెళ్ళమంటున్నావా?" అనడిగాను. నిజంగానే అన్నాడు. ఒక్కడే ఆ చెట్ల మధ్య నిదానంగా ఎక్కాలనుందట.

ఆయన పంపు కొనుక్కున్నందుకు నాకు సంతోషం వేయాలి. వేసింది, కానీ పూర్తిగా కాదు. ఇక మా మీద ఆధారపడకూడదని ఎప్పుడు అనుకున్నాడో నాకు తెలుసు.

"వెళ్ళొస్తా అన్నా" అన్నాను. కొండెక్కేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. పైన అందరం దాదాపు అరగంట ఆగాం. ఆయన వచ్చాక ఎవరూ లేవలేదు. ఆయన నీళ్ళు తాగి, షూ విప్పి, కాళ్ళు చాపుకుని, చాలాసేపయ్యాక ఆయనే "పదండిరా" అన్నాడు.