ఇరుసు విరిగితే ఆయువు తీరినట్టేనా?

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఎనభై ఏళ్ల మనిషిని చూసి నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో బంధువులు అనే మాట ఒకటుంది: "ఈ వయసుల కోతలెందుకు, నెత్తురెక్కించుడెందుకు? రాసిపెట్టి ఉన్నన్ని రోజులే." ఆ మాటలో ప్రేమ లేదనను. పెద్దమనిషికి ఇంకా బాధ పెట్టవద్దన్న జాలే చాలాసార్లు అలా పలికిస్తుంది. కానీ దాని వెనుక ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఆయువు ముందే నిర్ణయమైందని, ఆపరేషన్ బల్ల మీద పోయే నెత్తురు కూడా ఆ లెక్కలోదేనని. మన సంప్రదాయం దీన్ని నిజంగా ఒప్పుకుంటుందా? ఒప్పుకోదనే నా వాదన. మనిషి చేయగలిగింది చేశాక మిగిలినదాన్నే విధి అనాలి, అంతకుముందు అనడం తొందరపాటు.

చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ణి సరిగ్గా ఇదే అడుగుతాడు: ఆయుష్షు నియతమా, కాదా? ఆత్రేయుడు దైవాన్ని కాదనడు. పూర్వజన్మలో చేసింది దైవం, ఈ జన్మలో చేసేది పురుషకారం, వీటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణుస్తుందంటాడు. ఆయువు అందరికీ ముందే గీసిన గీతైతే మందులూ మంత్రాలూ హోమాలూ ఎవరికి కావాలని వాదిస్తాడు. ఆపైన బండి ఇరుసు పోలిక తెస్తాడు. మంచి ఇరుసు తన బరువు తాను మోస్తూ కాలక్రమంలో అరిగిపోతే అది కాలమరణం. అదే ఇరుసు మితిమీరిన బరువు వల్లో, గతుకుల దారి వల్లో, నూనె లేకనో నడిమధ్యలో విరిగితే అది అకాలమరణం. చెరకు బండ్లు నడిచిన ఈ నేలకు ఆ పోలిక విడమరచి చెప్పక్కర్లేదు. 1937లో మొదలై 2015లో మూతపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఒళ్లు వంచి పనిచేసిన తరం ఇప్పుడు ఈ వయసులోనే ఉంది. వాళ్ల ఎముకలు గుల్లబారడం అరుగుదలే, కాదనలేం. విరిగిన తర్వాత ఒంట్లోంచి పోయే నెత్తురు మాత్రం అరుగుదల కాదు.

ఆ నెత్తురు పోవడాన్ని కొంతవరకు ఆపవచ్చు. ఎముక కీలు పొర లోపల విరిగితే రక్తం తక్కువే పోతుంది. పొరకు బయట, తొడ ఎముక పైభాగంలో విరిగితే కత్తి పెట్టకముందే తొడ కండరాల్లోకి, కంటికి కనబడకుండా చేరుతుంది. ఆసుపత్రిలో చేరిన రోజు హిమోగ్లోబిన్ బాగుందని ఊరుకోకుండా మళ్లీ మళ్లీ చూడాల్సింది అందుకే. ఇక మందు సంగతి. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే 1962లో లోకానికి తెలిపిన ట్రానెక్సామిక్ ఆమ్లం, గడ్డకట్టిన నెత్తురు తొందరగా కరిగిపోకుండా అడ్డుకుంటుంది. 2010లో వెలువడ్డ క్రాష్-2 అధ్యయనంలో 40 దేశాల్లో ప్రమాదాల్లో గాయపడ్డ 20 వేల మందికి పైగా పాల్గొన్నారు. మందు పడ్డవాళ్లలో మరణాలు 14.5 శాతం, పడనివాళ్లలో 16 శాతం. గాయమై మూడు గంటలు దాటాక ఇస్తే మేలు జరగదని కూడా ఆ అధ్యయనమే తేల్చింది. తుంటి ఆపరేషన్లలో చేసిన పరీక్షల్లోనూ ఈ చవక మందు రక్తం ఎక్కించాల్సిన అవసరాన్ని తగ్గించింది. మరో సంగతి: నెత్తురు ఎంత ఎక్కిస్తే అంత మేలన్న నమ్మకం కూడా నిలవలేదు. 2011లో వచ్చిన ఫోకస్ అధ్యయనంలో, తుంటి ఆపరేషన్ అయిన 2,016 మంది గుండెజబ్బు ఉన్నవాళ్లను, లేదా ఆ ముప్పు ఉన్నవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గగానే ఎక్కించారు, రెండో జట్టుకు 8 కన్నా తగ్గితేనో, లక్షణాలు కనబడితేనో. రెండు నెలల తర్వాత మరణాల్లోగానీ, నడవలేకపోవడంలోగానీ తేడా కనబడలేదు.

నెత్తురు గడ్డను కరగనివ్వని మందు గుండెకో మెదడుకో ముప్పు తేదా అన్నది న్యాయమైన అభ్యంతరం. ఈమధ్యే పక్షవాతం వచ్చినవారి విషయంలో, కాళ్లలో గడ్డలున్నవారి విషయంలో డాక్టరు తూకం వేయాల్సిందే. అయితే తూకం వేయడం వేరు, వయసు చూసి వదిలేయడం వేరు. ఇంకో అభ్యంతరం నాకు మరింత బరువైనది. పోదనపురంగా పేరున్న బోధన్ జైనుల పాతనేల, దేహాన్ని తృప్తిగా విడవడం వారికి పుణ్యం, మరి ఈ పాకులాట ఎందుకు? కానీ దేహాన్ని అలా విడిచే సల్లేఖనం తెలివితో, తనకు తాను పట్టే వ్రతం. విరిగిన తుంటితో పక్కకు ఒత్తిగిల్లలేక, పుండ్లు పడి మూలుగుతున్న అవ్వ ఏ వ్రతమూ పట్టలేదు, ఆమె తరఫున ఇంకెవరో పడుతున్నారు. ఆపరేషన్ మొదట చేసేది ఆయువు పొడిగించడం కాదు, నొప్పి తగ్గించి కూర్చోబెట్టడం. అది వద్దని ఆమే అంటే అప్పుడు ఆ మాటకు తలవంచాలి.

రక్తదానం ఉంది కదా, పోయింది పూడ్చుకోవచ్చనేవాళ్లూ ఉన్నారు. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ల కొడుకులు దుబాయ్‌లోనో దోహాలోనో ఉంటారు. బదులు రక్తం ఇవ్వడానికి ఇంట్లో మిగిలేది బీడీలు చుట్టే కోడలు, ఆమెకే రక్తహీనత ఉండొచ్చు. అప్పుడు ఏ ముఖపరిచయమూ లేనివాళ్లు ఇచ్చిన యూనిట్ వాడతాం. పుచ్చుకునేవాడికి కూడా ధర్మం ఉంటుంది: ఆపగలిగినదాన్ని కారనిచ్చి ఎదుటివాడి ఒంట్లోది అడగకూడదు. ఒకమోటో ఈ మందు కోసం వెతికింది ప్రసవంలో నెత్తురు పోయి చనిపోయే తల్లుల కోసం. తుంటి ఆపరేషన్‌లో మిగిలిన యూనిట్ అదే ఆసుపత్రిలో అలాంటి తల్లికి అందొచ్చు. కాబట్టి ముసలాయన్ని చేర్చిన రోజే ఇంటివాళ్లు డాక్టరును అడగాలి: రక్తం పల్చబడే గోళీలు వాడుతున్నాడు, వాటినేం చేయాలి? నెత్తురు ఆపే ఇంజక్షన్ ఇతనికి ఇవ్వొచ్చా? హిమోగ్లోబిన్ మళ్లీ ఎప్పుడు చూస్తారు?